అమ్మ రొంటిన సంచి, పాత ఢిల్లీ సందులు

ఢిల్లీ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. స్వెట్టర్లు ఉతికి ఆరేసినా ఇంకా ఏదో పొగ వాసన. మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా. వెళ్లింది ముగ్గురం: నేను, అమ్మ, పిన్ని కొడుకు. అమ్మకి అరవై రెండు. నరసరావుపేట దాటితే ఆవిడకి తెలిసింది తిరుపతి, హైదరాబాద్‌లో మా ఇల్లు, అంతే. తమ్ముడికి పంతొమ్మిది, వాడికి అన్నీ తెలుసు. నాకు పదకొండేళ్ల హైదరాబాద్ ఉద్యోగం నేర్పిన హిందీ ఉంది. అది ఢిల్లీలో ఎంతవరకు పనికొచ్చిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఎర్రకోట, కుతుబ్ మినార్ చూశాం, బావున్నాయి, వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. బయల్దేరేముందు ఆఫీసులో, ఇంట్లో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో ప్రతివాళ్లూ భయపెట్టింది మాత్రం పహాడ్‌గంజ్, చాందినీ చౌక్ గురించి. "అమ్మని తీసుకుని అక్కడికా? ఫోను జాగ్రత్త, మెడలో గొలుసు జాగ్రత్త." అందుకే ఆ సందుల గురించే రాస్తున్నా.

గొలుసులు ఇంట్లోనే పెట్టేశాం. అమ్మ పసుపుతాడు ఒక్కటే ఉంచుకుంది. డబ్బు మూడు చోట్ల పెట్టాం. నా హ్యాండ్‌బ్యాగ్‌లో రోజు ఖర్చుకి రెండు వేలు, తమ్ముడి లోపలి జేబులో కొంత, మిగతాదంతా అమ్మ రొంటిన. పాత జాకెట్టు ముక్కతో తనే కుట్టుకున్న సంచి, పైన గుండీ, దానికో పిన్నీసు. ఫోన్లో యూపీఐకి వేరే అకౌంట్ తగిలించి, అందులో ఐదు వేలు మాత్రమే ఉంచాను. ఫోను పోయినా ప్రాణం పోదు.

డిసెంబరు 12, గురువారం. న్యూఢిల్లీ స్టేషన్, పహాడ్‌గంజ్ వైపు

న్యూఢిల్లీ స్టేషన్‌కి రెండు ముఖాలు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు దిగితే పహాడ్‌గంజ్, పదహారో నంబరు వైపు దిగితే అజ్మేరీ గేటు. మెట్రో అటువైపే ఉంది. మా హోటలు పహాడ్‌గంజ్ వైపు అరాకషాన్ రోడ్డులో, స్టేషన్‌కి నడిచేంత దూరం. మ్యాప్‌లో ఏడు నిమిషాలని చూపిస్తోంది. అయినా బయటికొచ్చి రెండు సూట్‌కేసులతో, ఆ చలిలో, చుట్టూ "ఆటో మేడమ్, హోటల్ మేడమ్" అని అరుస్తుంటే బుర్ర పనిచేయలేదు.

అప్పుడొచ్చాడు ఒకాయన. నీలం జాకెట్టు, మెడలో తాడు, తాడుకి కార్డు. రైల్వే మనిషే అనుకున్నా. కార్డు మీద ఏం రాసుందో చూడాలని కూడా తోచలేదు, తాడుంటే చాలు కదా మనకి. ఏ హోటలని అడిగాడు, చెప్పాను. మొహం విచారంగా పెట్టి, ఆ గల్లీ బంద్, పొద్దుట్నుంచి పోలీస్ చెకింగ్ అన్నాడు. నేను నమ్మలేదని కనిపెట్టి, తన ఫోన్లోంచే "హోటల్"కి ఫోన్ చేసి నా చేతికిచ్చాడు. అవతల గొంతు చాలా మర్యాదగా, మేడమ్, పైపు పగిలింది, మీ బుకింగ్ క్యాన్సిల్ అయింది, డబ్బు వాపస్ వస్తుంది అంది. అంతే, నేను పడిపోయా. ఐదు నిమిషాల్లో ఈ-రిక్షాలో ఉన్నాం, పది నిమిషాల్లో గాజు తలుపుల ఆఫీసులో. గోడకి తాజ్‌మహల్, దాల్ సరస్సు పోస్టర్లు. టీ తెప్పించారు. ఢిల్లీ మొత్తం ఫుల్ అట, ఒక్కచోట రూమ్ ఉందట, రాత్రికి ఆరు వేల ఐదొందలట. మేం బుక్ చేసుకున్నది పందొమ్మిది వందలకి.

కార్డు తీయబోతున్నాను. అమ్మ టీ ముట్టుకోలేదు, కుర్చీలో కూర్చోలేదు, సూట్‌కేసు మీద కూర్చుంది. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు, అందుకని వాళ్ల మాటలకి పడే అవకాశమే లేదు. అంతసేపూ మొహాలు చూస్తూ ఉంది.

"ఏమే, ఆ ఫోను ఎవరిది?"

"ఆయనదే అమ్మా."

"ఆయన ఫోన్లో ఆయన మనిషే పలుకుతాడు. నీ ఫోన్లోంచి చెయ్యి."

బుకింగ్ మెసేజ్‌లో ఉన్న నంబరుకి చేశాను. రిసెప్షన్ కుర్రాడు, రూమ్ రెడీగా ఉంది మేడమ్, ఎక్కడున్నారు, అని అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయా. ఆ ఆఫీసాయన మాత్రం ఏమీ తొణకలేదు. నవ్వి, కోయీ బాత్ నహీ, పర్లేదు అని తలుపు తీసి పట్టుకున్నాడు. ఈ-రిక్షావాడు బయటే కాచుకుని మూడొందలన్నాడు. అరిచాను, నలుగురు చేరారు, యాభై ఇచ్చి వచ్చేశాం. పక్కనే బండి మీద టీ కాచే ఆవిడని అరాకషాన్ రోడ్డు ఎటమ్మా అంటే, గరిటె పైకెత్తి మా వెనక్కి చూపించింది. ఆ గాజు తలుపుల ఆఫీసుకి వెనక వీధే అది.

రాత్రి రూమ్‌లో దుప్పట్లో ముడుచుకుని అమ్మ అన్న మాట: "మనం పోయి అడిగినోళ్లు వేరే, మనల్ని వెతుక్కుంటా వచ్చేవోళ్లు వేరే." మిగతా మూడు రోజులూ దీన్నే పట్టుకుని నడిచాం. పూర్తిగా సరైంది కాదని చివరి రోజు తెలిసింది, కానీ తొంభై పాళ్లు పనిచేసింది.

సాయంత్రం మెయిన్ బజార్లో తిరిగాం. తోలు సంచులు, వెండి ఉంగరాలు, అగరొత్తులు, జడలల్లుకున్న విదేశీయులు, వాళ్ల మధ్యలోంచి హారన్ కొట్టుకుంటూ స్కూటర్లు. భయమేసే చోటు కాదు, ఊపిరాడని చోటు. చూనా మండీలో సీతారామ్ దీవాన్ చంద్ అనే కొట్టు దగ్గర ఛోలే భటూరే తిన్నాం. భటూరా లోపల పనీరు, పక్కన ఉసిరికాయ రంగులో ఊరగాయ, నిలబడే తినాలి. అమ్మ సగం తిని, ఇది పూరీ కాదే, దిండు, అంది. పదిన్నర దాటాక షట్టర్లు దిగుతుంటే వీధి మొహం మారిపోయింది. ఆడవాళ్లు తగ్గిపోయారు, మూలల్లో గుంపులు పెరిగాయి. ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఇంకో సందు చూద్దామన్న తమ్ముణ్ణి లాక్కొచ్చేశా.

డిసెంబరు 13, శుక్రవారం. చాందినీ చౌక్

న్యూఢిల్లీ నుంచి చావ్‌డీ బజార్ మెట్రోలో ఒక్క స్టేషనే, మేం వెళ్లినప్పుడు పది రూపాయలు. మొదటి పెట్టె ఆడవాళ్లది, అమ్మా నేనూ అందులో, తమ్ముడు పక్క పెట్టెలో. వాడికి బ్యాగు ముందుకి తగిలించుకోరా అంటే, స్కూలు పిల్లాడిలా ఉంటుందన్నాడు. ఆ పెట్టెలోకి ఎక్కుతున్నప్పుడు తలుపు దగ్గర తోపులాట చూసి వాడంతట వాడే ముందుకి తిప్పుకున్నాడు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు జరిగే ఆ ఐదారు సెకన్లే జేబుదొంగలకి కావాల్సింది. లోపల నిలబడ్డాక పెద్ద భయం లేదు.

చావ్‌డీ బజార్ స్టేషన్ చాలా లోతు, ఎస్కలేటర్ మీద వస్తూనే ఉంటాం వస్తూనే ఉంటాం, పైకి రాగానే పెళ్లి శుభలేఖల దుకాణాలు, ఇత్తడి గొళ్లాలు, తల మీద నల్లటి వైర్ల పందిరి. అక్కణ్ణుంచి నడిచి కినారీ బజార్. పెళ్లి సామాన్ల సందు, జరీ అంచులు, తలపాగాలు, కుందన్ పూసలు. ఇద్దరు పక్కపక్కన నడవలేరు, అందులోనే బైకులు. ఇక్కడే అమ్మ తప్పిపోయింది.

నేనొక లేసు బేరం చేస్తున్నా. తమ్ముడు ఫోటోలు తీస్తున్నాడు. తిరిగి చూస్తే అమ్మ లేదు. ముందుకు వెళ్లాం, వెనక్కొచ్చాం, పేరు పెట్టి పిలిచాం. ఆ రద్దీలో "అమ్మా" అంటే పదిమంది ఆడవాళ్లు తిరిగి చూశారు. ఫోన్ చేస్తే ఎత్తదు. పావుగంట తర్వాత నా కాళ్లు వణకడం మొదలైంది. 112కి చేద్దామా అని తమ్ముడంటే, ఇంకో ఐదు నిమిషాలు అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. చేస్తే పోయేదేముంది.

పొద్దున రూమ్‌లో ఒక మాట అనుకున్నాం: తప్పిపోతే అమ్మ కదలకూడదు, మేమే వెతుక్కోవాలి. మరీ దొరక్కపోతే శీష్‌గంజ్ గురుద్వారా, సిక్కుల గుడి, అది ఎవర్నడిగినా చెప్తారు. అమ్మ మాట ప్రకారం అస్సలు కదల్లేదు. మేం రెండుసార్లు దాటిపోయిన దుకాణంలోనే, లోపల తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని టీ తాగుతోంది. ఎదురుగా ముసలి సేఠ్, ఆయనకి జరీ చీరల గురించి తెలుగులో చెప్తోంది, ఆయన హిందీలో ఒప్పుకుంటున్నాడు. మేం కనపడకపోయేసరికి చుట్టూ చూసి, ఆడవాళ్లు ఎక్కువగా కూర్చున్న దుకాణం ఏరుకుని తనే లోపలికి వెళ్లిందట. సంచిలోంచి నా నంబరు రాసిన చీటీ తీసిచ్చిందట. సేఠ్ మూడుసార్లు చేశాడు. నా ఫోను సైలెంట్‌లో, దొంగల భయంతో బ్యాగు అడుగున. జాగ్రత్త ఎక్కువైతే ఇలా కూడా అవుతుంది.

ఆయన మమ్మల్ని ఏమీ కొనమనలేదు. తమ్ముడు వాడి హైదరాబాదీలో "కైకు నై" అనేసరికి, చార్మినార్ వాలే హో క్యా, అని నవ్వాడు. రెండు గజాల లేసు కొన్నాం, నూట ఎనభై. అమ్మ గజానికి పది తగ్గించింది, భాష లేకుండా, వేళ్లతో.

పరాఠే వాలీ గలీలో పరాఠాలు నేతిలో వేయిస్తారు, పెనం మీద కాల్చరు. పక్కన గుమ్మడికాయ కూర, అరటిపండు ముక్కలేసిన చింతపండు చట్నీ. అమ్మ శుక్రవారం కాబట్టి ఉల్లిపాయ లేనిచోటు అడిగింది, ఆ గల్లీ పాత దుకాణాల్లో ఉల్లి, వెల్లుల్లి వాడరని తెలిసి ఢిల్లీ మీద మొదటిసారి గౌరవం చూపించింది. దౌలత్ కీ చాట్ అమ్మేవాళ్లు చలికాలంలోనే కనపడతారు. పాల నురుగు, రాత్రంతా మంచులో పెట్టి చిలికింది, పైన కోవా, చక్కెర పొడి. చెంచా నోట్లో పెడితే ఏమీ ఉండదు, తీపి గాలి మిగులుతుంది. అరవై రూపాయలిచ్చి గాలి తిన్నావా అంటుంది అమ్మ.

మధ్యాహ్నం శీష్‌గంజ్‌లోకి వెళ్లాం. 1675లో సిక్కుల తొమ్మిదో గురువు గురు తేగ్ బహదూర్ తల నరికించిన చోటు అది. చెప్పులు ఇస్తే జోడా ఘర్‌లో టోకెన్ ఇచ్చారు, తీసుకునేవాళ్లు మంచి బట్టలేసుకున్న పెద్దమనుషులు, సేవ కింద చేస్తారట. మా మురికి బూట్లు వాళ్లు రెండు చేతులా అందుకుంటుంటే తమ్ముడు ఇబ్బందిపడిపోయాడు. లంగర్లో, అంటే అందరికీ ఉచితంగా అన్నం పెట్టేచోట, నేల మీద కూర్చుని రొట్టె, పప్పు. రొట్టె వడ్డిస్తుంటే రెండు చేతులూ చాచాలి, అమ్మ చాచినప్పుడు ఎందుకో కళ్లలో నీళ్లు పెట్టుకుంది. ఆ రోజంతట్లో బ్యాగు మీంచి చెయ్యి తీసింది అక్కడొక్కచోటే.

తర్వాత సైకిల్ రిక్షా. ఎర్రకోట నుంచి ఫతేపురీ మసీదు దాకా ఆ రోడ్డు మీదికి పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు బళ్లు రానివ్వరు, 2021లో ఎర్రరాయి పరిచి బాగు చేశారు. కాబట్టి సైకిల్ రిక్షా, లేదంటే నడక. యాభై అన్నాడు, ఎక్కాం. దిగాక మనిషికి యాభై అన్నాడు. ఈసారి అరవలేదు. ఆ ఎదురుగాలికి ముగ్గుర్ని తొక్కుకుంటూ వచ్చాడు, వంద ఇచ్చాను. అతను కూడా నవ్వి తీసుకున్నాడు, బేరం అక్కడికి వస్తుందని ఇద్దరికీ ముందే తెలిసినట్టు. తర్వాతినుంచి ఎక్కేముందే "తీనోం కా, పూరా", ముగ్గురికీ కలిపి, అని వేళ్లు చూపించి ఎక్కాం, మళ్లీ ఆ గొడవ రాలేదు.

ఖారీ బావ్లీ ఆసియాలోనే పెద్ద మసాలా దినుసుల బజారు అంటారు. దొంగలు కాదు గానీ ఇక్కడ అసలు ప్రమాదం తోపుడు బళ్లది. క్వింటాళ్ల బస్తాలు వేసుకుని హమాలీలు పరుగెత్తుకుంటూ వస్తారు, ఆగలేరు, మనమే గోడకి అతుక్కోవాలి. ఒక ఇనుప చక్రం నా బొటనవేలిని రాసుకుంటూ పోయింది, గోరు ఇంకా నల్లగానే ఉంది. శాండల్స్‌తో వెళ్లకండి, బూట్లు వేసుకోండి.

అక్కడే ఉన్న గడోడియా మార్కెట్ మెట్లెక్కుతుంటే మిరప ఘాటుకి ఊరంతా తుమ్ముతోంది, దగ్గుతోంది. అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఒక బస్తా దగ్గర ఆగిపోయింది. బస్తా మీద గుంటూరు అని రాసుంది. ఒక కాయ తీసి, తొడిమ విరిచి, వాసన చూసి, "తేజానే, తాలుకాయ కలిపారు" అంది. కొట్టువాడికి అర్థంకాక నా వైపు చూశాడు. నేను తర్జుమా చేయలేదు. పైకి తీసుకెళ్తా, మేడ మీంచి ఫోటోలు బావుంటాయి అని ఒక కుర్రాడు వెంటపడ్డాడు, తమ్ముడు వెళ్దామన్నాడు. మేం పిలవలేదుగా, అంది అమ్మ. అంతే, దిగొచ్చేశాం.

డిసెంబరు 14, శనివారం. కన్నాట్ ప్లేస్

ఇక్కడ విశాలం, తెల్ల స్తంభాలు, బ్రాండు షాపులు, కాబట్టి మనం తేలికపడతాం. పొరపాటు అదే. తమ్ముడి తెల్ల బూట్ల మీద ఎప్పుడు పడిందో, ఏదో పచ్చటి పేడలాంటి ముద్ద. అది వీడు చూసేలోపే ఒకడు చూసి, భయ్యా జూతా, అని చూపించాడు. చేతిలో పాలిష్ డబ్బా సిద్ధంగా ఉంది. ఎంత అంటే దేఖ్ లేంగే, తర్వాత చూద్దాంలే అన్నాడు. తుడిచాక నాలుగొందలన్నాడు. తమ్ముడు రెండొందలిచ్చి వచ్చాడు, అన్నీ తెలిసినవాడు. ఆ ముద్ద వేసింది వాడో వాడి జట్టువాడో అని పక్కనున్న వేరుశెనక్కాయల ముసలాయన మాకు తర్వాత చెప్పాడు, అదీ మేం అడిగితేనే. చెవులు శుభ్రం చేస్తామని తిరిగేవాళ్లని కూడా దగ్గరికి రానివ్వకండి, చెవిలోంచి రాళ్లు తీసినట్టు చూపిస్తారు.

మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్. మూడు రోజుల తర్వాత కందిపొడి, నెయ్యి, గోంగూర. అమ్మ మాట్లాడకుండా తింది. మా బల్ల మీద ఓల్డ్ రాజిందర్ నగర్లో సివిల్స్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి కూర్చుంది, ఒంగోలట. తన ఫోను పోయిన కథ చెప్పింది: ఆటోలో సిగ్నల్ దగ్గర మెసేజ్ టైప్ చేస్తుంటే పక్కనొచ్చిన బైకు మీంచి లాక్కుపోయారు, రెండు సెకన్లు. "అక్కా, ఆటోలో ఫోను తీయాలంటే మధ్యలో కూర్చుని తీయండి, పక్కల కాదు." వచ్చేటప్పుడు అమ్మని మధ్యలో కూర్చోబెట్టి మ్యాప్ తన చేతికిచ్చాం. ఆవిడ ఫోను తలకిందులుగా పట్టుకుంది.

డిసెంబరు 15, ఆదివారం. మహిళా హాట్

ఆదివారం చాందినీ చౌక్‌లో కొట్లు చాలావరకు మూసేస్తారు. పాత పుస్తకాల సంత మాత్రం ఢిల్లీ గేటు దగ్గర, మహిళా హాట్ మైదానంలో జరుగుతుంది. ఇదివరకు దరియాగంజ్ ఫుట్‌పాత్‌ల మీద ఉండేదట. కొన్నిచోట్ల కిలోల లెక్కన తూచి ఇస్తారు. అమ్మ ఒక మూల ఎండలో కూర్చుంది, మేం గుట్టల్లో పడ్డాం.

వెనకనుంచి ఎవరో "దీదీ, దీదీ" అంటున్నారు. తిరగలేదు. దగ్గరికొచ్చాడు, ముప్ఫై ఏళ్లుంటాయేమో, మంకీ క్యాప్. నాకు మూడు రోజుల్లో బాగా అలవాటైన మొహం పెట్టి, "నై చాహియే" అని గట్టిగానే అన్నాను. అతను ఒకడుగు వెనక్కేసి, వేలితో నా బ్యాగు చూపించి, "చైన్ ఖులీ హై" అని వెళ్లిపోయాడు. చూసుకుంటే జిప్పు మొత్తం తెరుచుకుని ఉంది, పర్సు అంచు బయటికి కనిపిస్తోంది. అన్నీ ఉన్నాయి. పిలవకుండా వచ్చినవాడే, పైసా అడగలేదు.

అమ్మకి చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఆ అబ్బాయి ఎక్కడ కూర్చున్నాడో చూసొచ్చావా?" అంది. వెతికితే నాలుగో వరసలో దొరికాడు, ఇంటర్, ఇంజనీరింగ్ గైడ్లు అమ్ముతున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టనట్టే ఉన్నాడు. థాంక్స్ అనడానికి నోరు రాలేదు, అప్పటికే నేనన్న మాట ఇద్దరి మధ్యా ఉంది. ఎదురుగా ఉన్నదేదో తీసుకున్నా. డెబ్బై అన్నాడు, బేరం ఆడలేదు. పదకొండో తరగతి కెమిస్ట్రీ, హిందీ మీడియం. ఇప్పుడది మా టీవీ పక్కనుంది, ఇంటికొచ్చినవాళ్లు ఎవరు చదువుతున్నారని అడుగుతున్నారు.